లూపర్ ఉన్న చిన్న సింథ్ కొనాలా వద్దా: షాపులోనే తేల్చుకోవడం ఎలా

“లూపర్ ఉన్న చిన్న కీబోర్డు ఒకటి చూశానన్నా, తీసుకోవచ్చా?” అని అడిగేవాళ్లు ఆగడం లేదు. ఇంట్లో పాడుకుంటూ వెనక సంగీతం కూడా తామే వాయించుకోవాలనుకునేవాళ్లు కొందరు, షార్ట్ ఫిల్ములకు బీజీఎం చేసుకునేవాళ్లు కొందరు. పిల్లవాడు కీబోర్డు క్లాసులో బాగానే వాయిస్తున్నాడు, ఇంకాస్త మంచిది కొనిద్దామనుకునే అమ్మానాన్నలు ఇంకొందరు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. లూపర్ అంటే మనం వాయించినదాన్ని పట్టుకుని తిరిగి తిరిగి మోగించే సదుపాయం. సింథ్ అంటే శబ్దాన్ని మనకు కావలసినట్టు మలుచుకోగలిగే కీబోర్డు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కీబోర్డు లోపలే ఉండే లూపర్ సాధనకీ, తోచిన ట్యూన్ మర్చిపోకముందే పట్టుకోవడానికీ బాగా పనికొస్తుంది. స్టేజీ మీద మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. మీకు కావలసింది ఈ రెండింట్లో ఏదో తేల్చుకోకుండా షాపుకెళ్తే, పెద్ద స్పీకర్లలో నాలుగు టోన్లు విని, బాగుందని తెచ్చేసుకుంటారు. లూపర్ సంగతి ఇంటికొచ్చాక బయటపడుతుంది.

ముందు మాట తేల్చుకోండి

“ఇందులో లూప్ ఉందా?” అని అడిగితే షాపులో ఎవరైనా “ఉంది సార్” అనే అంటారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. మన ఆర్కెస్ట్రాల వాళ్లు ప్యాడ్‌లో ఎక్కించుకునే రెడీమేడ్ డప్పు బిట్లనీ లూప్ అనే అంటారు. ఎడమచేత్తో కార్డ్ (ఒకేసారి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బాస్ (కింది స్వరాలు) వాటంతటవే మోగే స్టైల్స్‌నీ కొందరు లూప్ అంటారు. వరుసగా 16 లైట్లుండి, ఒక్కో లైటుకు ఒక్కో స్వరం నింపుకునేది సీక్వెన్సర్. కీ నొక్కి పట్టుకుంటే కార్డ్‌ను విడగొట్టి వాయించేది ఆర్పీజియేటర్. ఇవేవీ లూపర్ కావు.

అందుకని పేరు అడక్కండి, పని అడగండి: “నేను ఇప్పుడు వాయించింది అదే తిరిగి తిరిగి మోగాలి, దాని మీద నేను ఇంకోటి వాయించాలి. ఒకసారి చేసి చూపిస్తారా?” చేసి చూపిస్తే ఉన్నట్టు.

ఉదాహరణకు యమహా 2015లో తెచ్చిన రీఫేస్ వరుసలో నాలుగు మోడళ్లున్నాయి. నాలుగూ ఒకే సైజు, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. లూపర్ ఉన్నది మాత్రం సీఎస్, డీఎక్స్ అనే రెండింట్లోనే. పక్కనే ఉన్న సీపీనో వైసీనో తీసుకుని, ఇంటికొచ్చి బటన్ కోసం వెతికితే దొరకదు.

షాపుకు తీసుకెళ్లాల్సినవి

- మీరు రోజూ వాడే వైర్ ఉన్న హెడ్‌ఫోన్స్. బ్లూటూత్ వద్దు, కీ నొక్కిన కాసేపటికి శబ్దం వస్తుంది, తప్పు కీబోర్డుదనుకుంటారు.
- చిన్న పిన్నును పెద్ద సాకెట్‌కు కలిపే కన్వర్టర్. కోఠి గుజరాతీ గల్లీలో ఎక్కడైనా దొరుకుతుంది.
- ఫోన్‌లో తాళం దెబ్బలు వేసే మెట్రోనోమ్ యాప్, స్టాప్‌వాచ్.
- చేతికి బాగా వచ్చిన నాలుగు లైన్ల పాట ఒకటి. ఎడమచేతి భాగం, కుడిచేతి భాగం విడివిడిగా వచ్చి ఉండాలి.
- సెకండ్ హ్యాండ్ అయితే కొత్త పెన్సిల్ సెల్స్. రీఫేస్‌కు 6 కావాలి. మిగతావాటికి ఎన్నో ముందే అడగండి.

శనివారం సాయంత్రం వెళ్లొద్దు. అబిడ్స్‌లో అయినా సికింద్రాబాద్‌లో అయినా ఆ టైములో పక్కన ఒకరు డ్రమ్ కిట్, ఇంకొకరు గిటార్ ట్రై చేస్తుంటారు. మామూలు రోజు షాపు తెరవగానే వెళ్తే అరగంట ప్రశాంతంగా కూర్చోనిస్తారు.

ఎలా చేయాలి

1. రెవర్బ్, డిలే, కోరస్ లాంటి ఎఫెక్ట్‌లన్నీ సున్నా చేయండి. డెమో టోన్ల తియ్యదనంలో సగం వీటిదే. ఇవి ఆన్‌లో ఉంటే లూప్ అతుకు దగ్గర లోపం కూడా వినపడదు. షాపు స్పీకర్ తీసేసి మీ హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

2. మాన్యువల్ చూడకుండా ఒక లూప్ చేయండి. రికార్డ్, ప్లే, ఆపడం ఎలాగో ఒకసారి చూపించమనండి, తర్వాత మీరే చేయండి. ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది తాళం దెబ్బల, చిన్న బిట్ చాలు. కుడిచెయ్యి కీల మీద ఉండగానే ఎడమచేతి వేలు బటన్‌కు అందుతోందా చూడండి. రికార్డ్ మొదలుపెట్టడానికి మెనూలోకి వెళ్లి రెండుసార్లు నొక్కాల్సి వస్తే, ఆ లూపర్‌ను ఇంట్లో వారం కంటే ఎక్కువ వాడరు.

3. లూప్ తిరుగుతుండగా టోన్ మార్చండి. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. షాపుల్లో ఎవరూ చేయించరు.

పాత లూప్ శబ్దం కూడా మారిపోతే, ఆ లూపర్ శబ్దాన్ని రికార్డు చేయడం లేదు. ఏ కీ, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో అంతే రాసుకుంటోంది. రీఫేస్ సీఎస్, డీఎక్స్ ఈ రకమే. ఇందులో ఒక సుఖముంది, ఒక కష్టముంది. టెంపో తగ్గించి నెమ్మదిగా వాయించి, తర్వాత పెంచుకోవచ్చు, శ్రుతి మారదు. లూప్‌ను తిరగనిచ్చి రెండు చేతులతో నాబ్‌లు తిప్పుతూ శబ్దం ఎలా తయారవుతుందో నేర్చుకోవచ్చు. సింథ్ నేర్చుకునేవాళ్లకు దీన్ని మించిన పద్ధతి నాకు తెలీదు. కష్టం ఏమిటంటే లూప్‌కూ, దాని మీద మీరు వాయించేదానికీ టోన్ ఒకటే. “కింద బాస్, పైన ఫ్లూట్” ఊహించుకుని కొంటే ఇక్కడే నిరాశ పడతారు.

పాత లూప్ అలాగే ఉండి, కొత్తగా వాయించేది మాత్రమే మారితే రెండు అవకాశాలు. శబ్దాన్నే రికార్డు చేస్తుండొచ్చు. లేదా ఒక్కో పొరకు ఒక్కో టోన్ గుర్తుపెట్టుకుంటుండొచ్చు. తేల్చుకోవడానికి టెంపో పెంచండి. స్వరాలు చెడకుండా వేగం పెరిగితే చాలావరకు రెండోదే, ఎలాగైనా మంచి సరుకే. వేగం మారకపోయినా, శబ్దం వంకర తిరిగినా మొదటిది. పాటకు వెనక పొరలు పేర్చుకోవడమే మీ పనైతే ఆ మొదటి రకమూ సరిపోతుంది.

4. స్వరాలు రాలిపోతున్నాయేమో చూడండి. రీఫేస్ సీఎస్, డీఎక్స్ ఒకేసారి 8 స్వరాలే పలుకుతాయి. లూప్‌లో బాస్ ఒకటి, నాలుగు స్వరాల కార్డ్ ఒకటి పెడితే 5 అయిపోయాయి. మీకు మిగిలింది 3. అసలు చిక్కు ఇంకోటి: కీ వదిలాక కూడా సాగే టోన్ అయితే ఆ సాగుతున్నంతసేపూ ఆ స్వరం లెక్కలోనే ఉంటుంది. నాలుగు స్వరాల కార్డ్‌ను లూప్‌లో పెట్టి, దాని మీద ఇంకో నాలుగు స్వరాల కార్డ్‌లు త్వరత్వరగా మార్చి చూడండి. కింద కార్డ్‌లో ఏదో ఒకటి చటుక్కున మాయమైతే మీ మోడల్‌కు అదే హద్దు. అది రిపేరు కాదు, తయారీయే అంత. లూప్‌లో కార్డ్ బదులు రెండు స్వరాలే పెట్టి, సాగుడు తగ్గిస్తే సమస్య దాదాపు పోతుంది.

5. మీ తాళంలో వాయించండి. ఈ యంత్రాలు నాలుగు దెబ్బలకు ఒక బార్ అనే లెక్కకు తయారైనవి. ఆది తాళానికి ఇబ్బంది లేదు, 8 అక్షరాలు రెండు బార్లలో కూర్చుంటాయి. మిశ్రచాపు అలా కాదు. ఏడు అక్షరాలు వాయించి బటన్ నొక్కితే, కొన్ని లూపర్లు అతి తెలివితో ఎనిమిదోది కలిపేస్తాయి. ప్రతి ఆవర్తనం (తాళం చుట్టు) చివరా ఒక కుంటి అడుగు పడుతుంది.

దీనికి దారి ఉంది. ఏడు అక్షరాలను నాలుగుసార్లు వాయిస్తే 28, అంటే సరిగ్గా ఏడు బార్లు. ఖండచాపు ఐదు అక్షరాలు నాలుగుసార్లయితే 20, ఐదు బార్లు. మూడు అక్షరాల రూపకం నాలుగుసార్లయితే 12, మూడు బార్లు. కాబట్టి “లూప్ పొడవు ఎన్ని బార్లయినా పెట్టుకోవచ్చా, లేక 1, 2, 4, 8 మాత్రమేనా?” అని అడిగి, మీరే పెట్టి చూడండి. ఆ నాలుగే ఉంటే మిశ్రచాపు మీద ఆశ వదులుకోవాలి. టెంపోతో పనిలేకుండా మీరు నొక్కినచోట ఆగే లూపర్ అయితే ఏ తాళమైనా ఒకటే, కానీ మీ వేలు ఖచ్చితంగా ఉండాలి.

జానపదాలు వాయించేవాళ్లు ఇంకోటి చూడాలి. మన జానపదం చాలావరకు తిశ్ర నడక, అంటే దెబ్బకు మూడు ముక్కలు. క్వాంటైజ్ అనే సెట్టింగ్ మీరు వాయించినదాన్ని దగ్గరి తాళం గీతకు జరుపుతుంది. అది నాలుగు ముక్కల లెక్కలో ఉంటే తిశ్ర నడకను లాగి చతురశ్రంలో పడేస్తుంది. మీరు సరిగ్గా వాయించినా తిరిగి వినపడేది ఎవరో మార్చింగ్ చేస్తున్నట్టుంటుంది. ట్రిప్లెట్ (మూడు ముక్కల) లెక్క ఉందా, లేదంటే క్వాంటైజ్ పూర్తిగా ఆపేయొచ్చా అని చూడండి. రెండూ లేకపోతే జానపదాలకు అది వద్దు.

పాట ఎత్తుగడ కూడా ఇక్కడే తేలుతుంది. కొన్ని లూపర్లు మీరు మొదటి కీ నొక్కినప్పుడు రికార్డ్ మొదలుపెడతాయి. మీ పాట అనాగతంలో, అంటే దెబ్బ పడ్డాక మొదలయ్యేదైతే, ముందున్న ఖాళీ పోతుంది. లూప్ మొదలు తాళం మొదలుతో కలవదు. దెబ్బ మీద మెల్లగా ఒక షడ్జం (స) తాకి, తర్వాత పాట ఎత్తుకోండి, సర్దుకుంటుంది.

6. అతుకు వినండి. మెత్తగా సాగే టోన్ ఒకటి తీసుకుని షడ్జ పంచమాలు (స, ప) పట్టుకుని, లూప్ పొడవు దాటేదాకా వదలకుండా ఉంచి రికార్డ్ చేయండి. తిరిగి వినేటప్పుడు మొదలు, చివర కలిసేచోట టక్కుమనే చప్పుడు కానీ, క్షణకాలం ఖాళీ కానీ వస్తోందా? డ్రమ్స్, మీటి వదిలే టోన్లలో ఇది వినపడదు. తంబూరాలా శ్రుతి పెట్టుకుని పాడేవాళ్లకు మాత్రం ప్రతి చిన్న చప్పుడూ లెక్కే. వస్తుంటే లూప్‌ను పొడుగ్గా పెట్టుకోవడం, లేదా అతుకు దగ్గర స్వరాలను మళ్లీ మీటడం తప్ప దారి లేదు.

7. పొర మీద పొర వేయండి, చివరిది తీసేయండి. రెండో పొరలో కావాలనే ఒక తప్పు స్వరం వాయించండి. ఆ ఒక్క పొరనే తీసేయగలిగితే మంచిది. మొత్తం చెరిపి మొదటి నుంచి చేయాల్సి వస్తే రోజూ చిరాకే.

8. ఆఫ్ చేసి ఆన్ చేయండి. లూప్ ఉందా, పోయిందా? పోయినా కంగారు లేదు, కొనకముందు తెలిస్తే చాలు. అలాంటిదాంట్లో నచ్చిన బిట్ వచ్చిన వెంటనే ఫోన్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో రికార్డ్ చేసుకోవడం అలవాటు చేసుకోవాలి. కరెంటు పోతే కూడా అదే గతి, కాబట్టి అడాప్టర్‌తో వాడేటప్పుడు లోపల సెల్స్ కూడా ఉంచితే నిలుస్తోందా చూసుకోండి. రీఫేస్ సీఎస్‌లో అయితే మీరు తయారుచేసుకున్న టోన్ దాచుకోవడానికి కూడా లోపల జాగా లేదు. స్లైడర్లు ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోవడమే తేలిక. డీఎక్స్‌లో 32 టోన్లు దాచుకోవచ్చు.

9. గమకం, శ్రుతి మార్పు. స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్‌తో ఒక జారు వాయించి లూప్ చేయండి. జారు తిరిగి వినపడుతోందా, ఉత్త మెట్లుగా వస్తోందా? లూప్ తిరుగుతుండగానే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ నొక్కండి. లూప్ కూడా కలిసి మారితే సరే. మీరు ఐదు శ్రుతికి వెళ్లి, అది ఒకటి శ్రుతిలోనే మిగిలిపోతే ప్రతిసారీ మళ్లీ రికార్డ్ చేయాల్సిందే.

10. వెనక్కి తిప్పి సాకెట్లు చూడండి. హెడ్‌ఫోన్ కాకుండా విడిగా శబ్దం బయటికి పంపే లైన్ అవుట్ ఉందా, పెడల్ సాకెట్ ఉందా, బయటి డ్రమ్ మెషీన్ టెంపోకు లూపర్ కలుస్తుందా అనేవి అడగండి. చివరిది రేపు ఇంకెవరితోనైనా కలిసి వాయించాలంటే తప్పనిసరి. ఎందుకో లెక్క చూడండి: ఒకటి 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు), ఇంకోటి 90.2 ఉంటే, ఐదు నిమిషాల్లో ఒక దెబ్బ పూర్తిగా తప్పుతుంది.

అడాప్టర్ దగ్గర జాగ్రత్త

మన ఊళ్లో సగం కొనుగోళ్లు “బావ అమెరికా నుంచి వస్తున్నాడు, తెమ్మందాం” అన్న మాటతో మొదలవుతాయి. తెప్పించుకోండి, కానీ అడాప్టర్ మీద ఇన్‌పుట్ చదవమనండి. 100–240 వోల్టులని ఉంటే పిన్ మార్చుకుంటే చాలు. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే పోతుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీ సర్వీస్ సెంటర్‌ను కొనకముందే అడగండి.

పిన్ పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చొద్దు. యమహా చిన్న కీబోర్డుల 12 వోల్టుల అడాప్టర్‌కు మధ్య పిన్ పాజిటివ్. బాస్ (Boss) అనే కంపెనీ పెడళ్ల 9 వోల్టుల అడాప్టర్‌కు మధ్య పిన్ నెగెటివ్. రెండూ ఒకే డబ్బాలో పడేసుకుని, ఫంక్షన్ హాల్లో చీకట్లో తడుముకుని పెట్టేవాళ్లున్నారు. రంగు టేపు చుట్టుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

లూప్ చివర ఒక బార్ ఖాళీగా వస్తోందని చాలామంది యంత్రాన్ని తిడతారు. బటన్ ఒక పిసరు ఆలస్యంగా నొక్కడం వల్ల అది తర్వాతి బార్ కూడా కలుపుకుంది, అంతే. బార్ల లెక్కన నడిచే లూపర్లో ఆఖరి దెబ్బ పడకముందే నొక్కండి. స్వేచ్ఛగా ఆగేదాంట్లో మాత్రం సరిగ్గా మొదటి దెబ్బ మీదే నొక్కాలి. ఒకదాని అలవాటు ఇంకోదాంట్లో చెల్లదు.

మొదటి పొరనే నిండుగా వాయించడం ఇంకో పొరపాటు. రెండు చేతులా కార్డ్‌లు దంచేస్తే మూడో పొరకు చోటుండదు. మొదటి పొరలో ఖాళీలు వదలండి. ల్యాప్‌టాప్‌కు కలిపితే గుయ్‌మని శబ్దం వస్తే, కీబోర్డు వాపసు ఇచ్చే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడండి. శబ్దం ఆగితే దోషం ఆ కరెంటు దారిది.

పిల్లల కోసం కొనేవాళ్లకు ఒక మాట. రీఫేస్ లాంటివి 37 చిన్న కీల వాయిద్యాలు. కీబోర్డు పరీక్షలకు తయారవుతున్న పిల్లలకు చేతి కొలత పాడవుతుందని టీచర్లు వద్దంటారు, నేనూ వాళ్ల పక్షమే. వాళ్లకు ఇది రెండో కీబోర్డు కావాలి, మొదటిది కాదు.

ఇది నప్పకపోతే

తంబూరా, తబలా పెట్టుకుని సాధన చేయడమే కావాలంటే యమహా పీఎస్ఆర్-ఐ500లో రియాజ్ అని ఆ పనికే ఒక సదుపాయం ఉంది, కీలు మామూలు సైజు. రకరకాల టోన్లతో పొరలు కావాలంటే ఇంట్లో ఉన్న పాత కీబోర్డుకే లూప్ పెడల్ కలపండి. బాస్ కంపెనీ ఆర్‌సీ-1లో 12 నిమిషాల దాకా రికార్డవుతుంది. ఆర్‌సీ-5లో 99 లూప్‌లు దాచుకోవచ్చు, రిథమ్స్ కూడా ఉన్నాయి. కాలితో నొక్కుతారు కాబట్టి చేతులు ఖాళీ, స్టేజీకి కూడా ఇదే నయం. అసలు లూపింగ్ మనకు పడుతుందో లేదో తెలియనివాళ్లు ఐఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్‌లో నెల రోజులు ఆడుకోండి, ఉచితమే.

సెకండ్ హ్యాండ్ అయితే

మెట్రో స్టేషన్ బయట చూసి డబ్బులివ్వొద్దు. ప్లగ్ ఉన్నచోటే కలవండి, అమ్మేవాళ్ల ఇల్లే మంచిది. సెల్స్ పెట్టే మూత తీసి ఆకుపచ్చ, తెల్ల బూజులాంటిది పట్టిందేమో చూడండి. ఉంటే సెల్స్ కారాయని అర్థం. ప్రతి కీనీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి, మిగతా కీలు తేడా చూపిస్తుండగా రెండుసార్లూ ఒకే శబ్దం వచ్చే కీ ఉంటే కింద రబ్బరు పోయిందనుకోవచ్చు. నాబ్‌లు, స్లైడర్లు ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా జరపండి, మధ్యలో గరగరమన్నా, విలువ ఎగిరినా దుమ్ము పట్టింది. హెడ్‌ఫోన్ పిన్ కాస్త కదిపితే ఒక చెవి పోతోందా చూడండి. అన్నీ అయ్యాక ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పైన చెప్పిన 3, 4 మెట్లు అక్కడే మళ్లీ చేయండి.

ఇంటికొచ్చాక

బిల్లు, డబ్బా, థర్మాకోల్ వారం రోజులు పారేయొద్దు. వాపసు గడువు ఎంతో కొన్నరోజే బిల్లు మీద రాయించుకోండి. మొదటి సాయంత్రం మెట్రోనోమ్ యాప్‌ను, కీబోర్డును ఒకే టెంపోలో పెట్టి, ఒక దెబ్బ లూప్‌ను ఐదు నిమిషాలు తిరగనివ్వండి. చివర్లో రెండూ కలిసే పడుతుంటే టెంపో నమ్మొచ్చు. తర్వాత గంటసేపు సెల్స్ మీదే వాడి, శబ్దం తగ్గుతోందా, లూప్ మధ్యలో ఆగుతోందా గమనించండి. మీ నాలుగు లైన్ల పాటను మూడు పొరల్లో వేసి, ఫోన్‌లో రికార్డ్ చేసి, మర్నాడు పొద్దున వినండి. రాత్రి బాగున్నట్టనిపించిన దెబ్బలు పొద్దున ముందూ వెనకా వినపడితే, 5వ మెట్టులో చెప్పిన క్వాంటైజ్ సెట్టింగ్ ఒకసారి మార్చి మళ్లీ చేయండి. అయినా కుదరకపోతే గడువు దాటకముందే మార్చేసుకోండి.